పాఠ్యపుస్తకాల్లో సామాజిక సంఘర్షణ: తెలుగు రాష్ట్రాలు, కోనసీమ

కులం, భూమి, మతం, భాష, ప్రాంతం, స్త్రీపురుష భేదం వంటి కారణాలతో సమాజంలో తలెత్తే తగాదాలను బడి పుస్తకాలు ఎంతవరకు చెబుతాయి, ఎవరి వైపు నుంచి చెబుతాయి, దేన్ని వదిలేస్తాయి అన్నది విద్యారంగంలో ఒక ప్రత్యేక అధ్యయనాంశం. ప్రభుత్వం అచ్చువేసిన పుస్తకాన్ని ఒకే ఏడాది లక్షలాది పిల్లలు చదువుతారు. అందులో చోటు దొరికిన సంఘటనకు అధికార ముద్ర పడుతుంది. దొరకనిది ఇంట్లోనో, వీధి అరుగు మీదో, ఇప్పుడైతే ఫోన్‌లోనో విన్న మాటగా మిగిలిపోతుంది.

తెలుగు రాష్ట్రాల పుస్తకాలు సంఘర్షణను అసలే చెప్పలేదనడానికి లేదు. దూరదేశంలో జరిగినదాన్ని, ఏనాడో ముగిసినదాన్ని, ఒక మహనీయుడి పేరు మీద చెప్పగలిగినదాన్ని అవి ధారాళంగానే చెప్పాయి. దగ్గరలో జరిగి, ఇంకా తెగని తగాదా వచ్చేసరికి తడబడ్డాయి. అమలాపురం కేంద్రంగా ఉన్న కోనసీమలో ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. 2022లో జిల్లా పేరు విషయమై అక్కడ పెద్ద హింస చెలరేగింది. రెండేళ్ల తర్వాత అక్కడి పదో తరగతి పిల్లల చేతికి వచ్చిన రాజనీతిశాస్త్ర పుస్తకం మొదటి పాఠం బెల్జియం, శ్రీలంకల్లోని వర్గ విభేదాల గురించి.

అధ్యయన పరిధి

పాఠ్యపుస్తకం సంఘర్షణను చూపే తీరును పరిశీలించేవారు ప్రధానంగా మూడు విషయాలు గమనిస్తారు. తగాదా ఎవరెవరి మధ్య వచ్చిందో పుస్తకం పేర్లు పెట్టి చెబుతోందా? దేనికోసం వచ్చిందో, అంటే భూమికా, కూలికా, గౌరవానికా, పదవికా అన్నది తెలుస్తోందా? అది ఎలా తేలిందో, అసలు తేలిందో లేదో ఒప్పుకుంటోందా?

అమెరికా విద్యావేత్త మైఖేల్ యాపిల్ 1979లో వెలువరించిన ‘ఐడియాలజీ అండ్ కరికులమ్’ గ్రంథంలో ఈ చర్చకు ఒక అధ్యాయమే కేటాయించాడు. బడి చదువు సంఘర్షణను స్వతహాగా చెడ్డదిగా చూపుతుందనీ, సమాజం మారడంలో దానికున్న పాత్రను పక్కన పెడుతుందనీ ఆయన వాదన. మన దేశంలో కృష్ణకుమార్ 1996లో ‘లెర్నింగ్ ఫ్రమ్ కాన్‌ఫ్లిక్ట్’ అనే చిన్న పుస్తకంలో ఇదే ప్రశ్నను భారతీయ బడుల సందర్భంలో లేవనెత్తాడు. తర్వాత ఆయన జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలికి (ఎన్‌సీఈఆర్‌టీ) సంచాలకుడయ్యాడు. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం ఆయన హయాంలోనే రూపొందింది.

చారిత్రక నేపథ్యం

తెలుగు పాఠ్యపుస్తకం చుట్టూ రేగిన తొలి పెద్ద తగాదా భాష గురించి. 20వ శతాబ్దం మొదటి రెండు దశాబ్దాల్లో గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు, పాఠశాలల తనిఖీ అధికారి జె.ఎ. యేట్స్ వాడుకభాషలో పుస్తకాలు రావాలన్నారు. గ్రాంథికం తరఫున గట్టిగా నిలబడినవారిలో జయంతి రామయ్య పంతులు ముఖ్యుడు. ఆయన స్వస్థలం కోనసీమలోని ముక్తేశ్వరం. గ్రాంథిక పక్షాన 1911లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఏర్పడింది. 1913లో గిడుగు వాడుకభాషను సమర్థిస్తూ తన మెమొరాండం ప్రచురించారు. పైకి వ్యాకరణ చర్చగా కనిపించిన ఈ వాదం వెనక అసలు ప్రశ్న వేరే ఉంది: ఇంట్లో పుస్తకం ముఖం చూడని పిల్లవాడికి చదువు అందాలా, అందితే ఏ మెట్టు దాకా అందాలి?

రెండో వివాదం ఉన్నవ లక్ష్మీనారాయణ నవల ‘మాలపల్లి’ది. 1922లో వెలువడిన ఈ నవల దళిత కుటుంబాన్ని కథకు కేంద్రం చేసి, కూలి తగాదాలను, కులాల మధ్య దూరాన్ని, రైతు–పాలేరు సంబంధాన్ని నేరుగా చెప్పింది. మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. 1930లలో ఆంధ్ర విశ్వవిద్యాలయం పాఠ్యగ్రంథంగా పెట్టి, ఒత్తిడి రావడంతో తీసేసింది. 1937లో రాజాజీ మంత్రివర్గం వచ్చాక నిషేధం తొలిగింది. సమకాలీన కుల సంఘర్షణ పాఠంగా మారబోయి వెనక్కి వెళ్లిన తొలి తెలుగు ఉదాహరణల్లో ఇది ఒకటి.

స్వాతంత్ర్యం వచ్చాక దశాబ్దాలపాటు బడుల్లో సమాజం గురించి చెప్పే బాధ్యత పౌరశాస్త్రానిది. అందులో పంచాయతీ సమితి నుంచి పార్లమెంటు దాకా సంస్థల నిర్మాణం, పౌరుల విధులు ఉండేవి. ఓటు హక్కు ఏ వయసుకు వస్తుందో తెలిసేది కానీ, ఒక ఊళ్లో కొందరు ఓటు వేయడానికి ఎందుకు భయపడ్డారో తెలిసేది కాదు. పౌరశాస్త్రానికి వలస పాలన నాటి విధేయతా బోధన మూలాలున్నాయని, దాని స్థానంలో రాజనీతిశాస్త్రం రావాలని 2005 చట్రానికి అనుబంధంగా వచ్చిన చర్చల్లో ప్రతిపాదించారు.

ఆ మార్పు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 2011 నాటి రాష్ట్ర విద్యా ప్రణాళిక పరిధి పత్రం ద్వారా వచ్చింది. 2012 నుంచి 2014 వరకు దశలవారీగా రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ సంస్థ (ఎస్‌సీఈఆర్‌టీ) కొత్త సాంఘికశాస్త్ర పుస్తకాలు తెచ్చింది. చరిత్ర, భూగోళం, పౌరశాస్త్రం, అర్థశాస్త్రం అని విడగొట్టకుండా అంశాలవారీగా పాఠాలు కూర్చారు. జమీందారీ రద్దు, భూస్వాములు–కౌలుదార్లు, హైదరాబాద్ రాష్ట్రంలో స్వాతంత్ర్యోద్యమం, పేదరికం, లౌకికత్వం వంటి విషయాలు ఎనిమిదో తరగతికే వచ్చాయి. పదో తరగతిలో ‘సమకాలీన సామాజిక ఉద్యమాలు’ అనే పాఠం చేరింది. తెలుగు బడి పుస్తకాల్లో సంఘర్షణకు ఇంత చోటు దొరకడం అప్పటిదాకా లేదు.

చిత్రణలో కనిపించే పద్ధతులు

తెలుగు పాఠ్యపుస్తకాలు సంఘర్షణను చెప్పేటప్పుడు నాలుగు పద్ధతులు తరచుగా కనిపిస్తాయి.

మొదటిది దూరం. పదో తరగతి ఉద్యమాల పాఠంలో అమెరికా నల్లజాతీయుల పౌరహక్కుల పోరాటం, సోవియట్ యూనియన్‌లో మానవహక్కుల వాదం, నర్మదా బచావో, కేరళ సైలెంట్ వ్యాలీ, మణిపురి మహిళల మైరా పైబీ ఉన్నాయి. మాంట్‌గోమరీ బస్సులో 1955లో రోజా పార్క్స్ సీటు ఇవ్వననడం గురించి పిల్లలకు తెలుసు. దళితుల హత్యలు జరిగిన కారంచేడు, చుండూరు అంత విపులంగా పాఠంలోకి రాలేదు. దూరపు ఉదాహరణకు ఒక లాభం ఉంది: తరగతిలో ఎవరూ తమను అన్నట్టు భావించరు. నష్టమూ అక్కడే ఉంది.

రెండోది సంస్కర్త కేంద్రంగా కథ నడపడం. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించారని ప్రతి పిల్లవాడూ చదువుతాడు. ఆ పెళ్లిని అడ్డుకోవాలని చూసింది ఎవరు, వెలివేత ఎలా ఉండేది, వంటవాళ్లు, పురోహితులు దొరకడం ఎందుకు కష్టమైంది అన్నవి వచ్చినా ఒక వాక్యంలో సరి. ఎదురు నిలిచినవాళ్లు కథలోంచి జారిపోతే సంస్కరణ ఒక మంచి మనిషి మంచితనంగా మారుతుంది, తగాదాగా కనిపించదు.

మూడోది కర్తను చెప్పకపోవడం. తెలుగు వాక్యం కర్త లేకుండా హాయిగా నిలబడగలదు. “కొందరిని ఊరి బావి దగ్గరకు రానిచ్చేవారు కాదు” అన్న తరహా వాక్యాన్నే చూడండి. రానిచ్చేవారు కానిది ఎవరు? ఆ బావి ఎవరి వీధిలో ఉంది? తోడిపోసే మనిషి కోసం ఎంతసేపు నిలబడేవారు? వ్యాకరణపరంగా వాక్యంలో తప్పు లేదు, సమాచారపరంగా సగం లేదు. బాధితులకు పేరు ఉంటుంది, బాధించినవారికి ఉండదు.

నాలుగోది సుఖాంతం. తగాదా వచ్చింది, ఉద్యమం జరిగింది, చట్టం వచ్చింది, కథ ముగిసింది. అంటరానితనాన్ని రాజ్యాంగం 17వ అధికరణం రద్దుచేసింది అన్న వాక్యంతో పాఠం ఆగితే, ఆ తర్వాత 1955లోనూ 1989లోనూ మళ్లీ చట్టాలు ఎందుకు అవసరమయ్యాయన్న ప్రశ్నకు చోటు ఉండదు.

వలస పాలనపై తిరుగుబాట్లను చెప్పే తీరు ఇందుకు భిన్నం. అల్లూరి సీతారామరాజు నాయకత్వంలోని 1922–24 మన్యం పోరాటంలో ప్రత్యర్థి ఎవరో స్పష్టం. పోడు మీద ఆంక్షలు, రోడ్డు పనుల్లో వెట్టి, కూలి ఎగవేత, చింతపల్లి పోలీసు స్టేషన్ మీద 1922 ఆగస్టు 22 నాటి దాడి అన్నీ విడమరిచి చెబుతారు. శత్రువు తెల్లవాడైనచోట కర్త వాక్యంలోకి తిరిగి వస్తాడు.

నెల్లూరు వాచకం: పాఠం నుంచి ఉద్యమం

పాఠం దగ్గరి తగాదాను చేపడితే ఏమవుతుందో చెప్పడానికి తెలుగు నేల మీద ఒక ప్రసిద్ధ ఉదాహరణ ఉంది. 1990ల ఆరంభంలో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా కార్యక్రమం మొదలైంది. పగలంతా కూలికి పోయి వచ్చిన ఆడవాళ్లు రాత్రి బడులకు వచ్చేవారు. వాళ్ల వాచకంలో ‘సీతమ్మ కథ’ అనే పాఠం ఉంది. తాగుడు ఇంటిని ఎలా తినేస్తుందో ఆ కథ విషయం. అప్పటికి ప్రభుత్వ సారా ‘వారుణి వాహిని’ పేరుతో ప్యాకెట్లలో పల్లెపల్లెకూ చేరుతోంది. అక్షరం నేర్చుకోవడానికి కూర్చున్న ఆడవాళ్లు పాఠంలోని సీతమ్మను వదిలి తమ ఇళ్ల గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. దూబగుంటలో వర్ధినేని రోశమ్మ ముందు నిలవగా ఊరి సారా దుకాణం మూతపడింది. ఆ సంగతినే ‘ఆడవాళ్లు ఏకమైతే’ అనే పాఠంగా తర్వాతి వాచకంలో చేర్చారు. ఒక ఊరి వార్త అచ్చయి ఇతర ఊళ్లకు పాఠంగా వెళ్లింది.

ఉద్యమం సుమారు 5,000 గ్రామాలకు పాకింది. నెల్లూరులో సారా వేలం పాటలు 17 సార్లు వాయిదా పడ్డాయి. 1993లో ముందు నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది. 1997లో దాన్ని ఎత్తేశారు.

ఈ ఉద్యమం ఎన్‌సీఈఆర్‌టీ 12వ తరగతి రాజనీతిశాస్త్రంలో ‘ప్రజా ఉద్యమాల ఆవిర్భావం’ అనే అధ్యాయంలో చోటు చేసుకుంది. చిప్కో, దళిత్ పాంథర్స్, భారతీయ కిసాన్ యూనియన్, నర్మదా బచావోల సరసన దూబగుంట నిలిచింది. 2022లో ఆ అధ్యాయాన్ని మొత్తంగా తొలగించారు. ఒక వాచకం పుట్టించిన ఉద్యమం మరో వాచకంలోకి ఎక్కి, కొన్నేళ్లకే దిగిపోయింది.

భూమి, ప్రాంతం

తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటం (1946–51) సంఘర్షణ చిత్రణకు మరో పరీక్ష. ఇక్కడ రెండు పక్కలూ తెలుగువాళ్లే. కడవెండిలో 1946 జులై 4న దొడ్డి కొమరయ్య హత్య, విసునూరు దేశ్‌ముఖ్ దౌర్జన్యం, పాలకుర్తిలో చాకలి ఐలమ్మ పంట కాపాడుకోవడం, వెట్టి, రజాకార్లు, 1948 పోలీసు చర్య ఇవన్నీ ఒకే దారంలో ఉన్నా ఏ పూసను ముందు పెడతారన్నది రాసేవారి దృష్టిని బట్టి మారుతుంది. రైతు–దొర తగాదాగా చెబితే ఒక కథ, నిజాం పాలన నుంచి విముక్తిగా చెబితే మరో కథ, దేశంలో కలిసిపోవడంగా చెబితే ఇంకో కథ. 1948 సెప్టెంబరు 17ను 2022లో రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినంగా, కేంద్రం విమోచన దినంగా జరిపాయి. 2024లో రాష్ట్రంలో కొత్త ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవంగా జరిపింది. పుస్తకం రాసే ఉపాధ్యాయుడు ఈ మూడింటి మధ్యలో నిలబడి పేరా పూర్తిచేయాలి.

2014 విభజన తర్వాత తెలంగాణ పదో తరగతి పుస్తకంలో ‘తెలంగాణ రాష్ట్ర ఏర్పాటు ఉద్యమం’ అనే పాఠం వచ్చింది. పెద్దమనుషుల ఒప్పందం, 1969 ఆందోళన, ముల్కీ నిబంధనలు, నీళ్లు, నియామకాల తగాదా వివరంగా చెప్పింది. ప్రాంతీయ సంఘర్షణ ఇంత త్వరగా పాఠం కావడం అరుదు. గెలిచిన ఉద్యమం కాబట్టే అది సాధ్యమైంది. ఒకే రాష్ట్రంగా ఉండి 2013 దాకా ఒకే పుస్తకం చదివిన పిల్లల తమ్ముళ్లు, చెల్లెళ్లు అదే గతాన్ని రెండు పుస్తకాల్లో రెండు కొలతల్లో చదువుతున్నారు.

కులం

1985 జులై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో ఆరుగురు దళితులు హత్యకు గురయ్యారు. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మందిని చంపారు. కారంచేడు తర్వాత దళిత మహాసభ పుట్టింది. దాని నిర్మాతల్లో కత్తి పద్మారావుతో పాటు న్యాయవాది బొజ్జా తారకం ముఖ్యుడు. తారకం కోనసీమలోని కందికుప్పలో 1939లో జన్మించారు. చుండూరులో ఊళ్లోనే ప్రత్యేక న్యాయస్థానం నడిచి 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు వాటిని కొట్టేసింది. తెలుగు సాహిత్యం, చట్టం, రాజకీయాలు ఈ రెండు ఊళ్ల తర్వాత మారాయి. బడి సాంఘికశాస్త్రంలో మాత్రం కుల సంఘర్షణ అంటే ప్రధానంగా ఫూలే, అంబేడ్కర్, భాగ్యరెడ్డి వర్మ వంటి మహనీయుల జీవితాలే.

ఈ లోటును కొంత పూడ్చింది తెలుగు వాచకం. గుర్రం జాషువా పద్యాలు తరతరాల వాచకాల్లో కనిపిస్తూ వచ్చాయి. సాంఘికశాస్త్రం కర్తను దాచినచోట కవి నిలదీస్తాడు. అయితే పరీక్షకు ప్రతిపదార్థం, అలంకారం, కవి పరిచయం అడుగుతారు. కోపంతో పుట్టిన పద్యం నాలుగు మార్కుల జవాబుగా చల్లబడుతుంది.

కోనసీమకే చెందిన బోయి భీమన్న ఈ సందర్భంలో గుర్తుకు రావలసిన రచయిత. 1911లో మామిడికుదురులో పుట్టిన ఆయన ‘పాలేరు’ నాటకంలో వ్యవసాయ కూలి కుటుంబపు కుర్రాడికి చదువు ఏం చేయగలదో చూపారు. ‘గుడిసెలు కాలిపోతున్నాయ్’ కావ్యానికి 1975లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. రైతు ఇల్లు, పాలేరు గుడిసె, ఊరు, పేట మధ్య ఉన్న తగాదాకు కోనసీమలోనే రాసిపెట్టిన సాక్ష్యం ఉందన్నమాట.

కోనసీమ

గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయల మధ్య ఉన్న అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలకు కొబ్బరి తోటలు, వరి చేలు, పడవలతో కూడిన ఒక పోస్టుకార్డు రూపం స్థిరపడింది. సినిమాలూ పర్యాటక ప్రకటనలూ దాన్ని బలపరిచాయి. అయితే ఇటీవలి దశాబ్దాల్లో ఇక్కడ సామాజిక శాస్త్ర పాఠానికి సరిపడే సంఘటనలు చాలా జరిగాయి.

1995 జనవరి 8న పాశర్లపూడిలో చమురు సంస్థ బావి నుంచి గ్యాస్ ఎగదన్ని రెండు నెలలకు పైగా మండింది. 2011 ఖరీఫ్‌లో గిట్టుబాటు ధర లేదని, మురుగునీటి పారుదల సరిగా లేదని కోనసీమ రైతులు వేల ఎకరాల్లో వరి వేయకుండా పంట విరామం ప్రకటించారు. 2014 జూన్ 27న నగరం గ్రామంలో గ్యాస్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. నేల కింది సంపద ఎవరిది, దాని ప్రమాదం ఎవరి నెత్తిన, పంట పండించేవాడికి మిగిలేది ఎంత అన్నవి ఈ మూడింట్లోనూ ఉన్న ప్రశ్నలు.

2022 ఏప్రిల్ 4న అమలాపురం కేంద్రంగా కోనసీమ జిల్లా ఏర్పడింది. అమలాపురం లోక్‌సభ స్థానం ఎస్సీలకు రిజర్వు అయినది, దళిత జనాభా గణనీయం. జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టాలన్న డిమాండు మొదటి నుంచీ ఉంది. మే 18న ప్రభుత్వం పేరు మార్పుపై ప్రాథమిక నోటిఫికేషన్ ఇచ్చి అభ్యంతరాలు కోరింది. కోనసీమ పేరే ఉంచాలంటూ మే 24న అమలాపురంలో జరిగిన నిరసన హింసగా మారింది. అప్పటి రవాణా మంత్రి పినిపే విశ్వరూప్, ముమ్మిడివరం శాసనసభ్యుడు పొన్నాడ సతీశ్‌కుమార్ ఇళ్లకు నిప్పు పెట్టారు. బస్సులు కాలిపోయాయి, పోలీసులు గాయపడ్డారు. ఇంటర్నెట్ ఆపేశారు. జూన్ 24న మంత్రివర్గం డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా పేరును ఆమోదించింది.

ఇదంతా వేసవి సెలవుల్లో జరిగింది. బడులు తెరిచేసరికి రెండు వైపుల పిల్లలూ ఎప్పటిలా ఒకే బెంచీ మీద కూర్చున్నారు. కొత్త జిల్లా పేరు పటంలోకి, జనరల్ నాలెడ్జ్ బిట్లలోకి వెంటనే వచ్చేసింది. పేరు వెనకున్న తగాదాను తరగతిలో ఎలా మాట్లాడాలన్నదానికి మాత్రం ఉపాధ్యాయుడి చేతిలో ఏ పుస్తకమూ లేదు.

2024–25 నుంచి ఆంధ్రప్రదేశ్ పదో తరగతికి ఎన్‌సీఈఆర్‌టీ ఆధారిత పుస్తకాలు వచ్చాయి. రాజనీతిశాస్త్రంలో మొదటి పాఠం ‘అధికార భాగస్వామ్యం’. బెల్జియంలో డచ్ మాట్లాడేవారు 59 శాతం, ఫ్రెంచ్ మాట్లాడేవారు 40 శాతం. రాజధాని బ్రసెల్స్‌లో మాత్రం ఫ్రెంచ్ వారు 80 శాతం. 1970–1993 మధ్య నాలుగు సార్లు రాజ్యాంగం సవరించి ఇరువర్గాలూ సర్దుకున్నాయి. శ్రీలంకలో 1956 చట్టం సింహళాన్ని ఏకైక అధికార భాష చేసింది, అంతర్యుద్ధం 2009 దాకా సాగింది. పాఠం బాగుంది, సాధనాలు ఇస్తుంది: అధిక సంఖ్యాకుల మాటే చెల్లాలా, గౌరవం పంచుకోవడం అంటే ఏమిటి? ఆ సాధనాలతో అమలాపురాన్ని చూడమని అడిగే అభ్యాసం ఒక్కటి చేరిస్తే అది మరింత పదునెక్కేది.

తొలగింపులు, వివాదాలు

పాఠ్యపుస్తకం సంఘర్షణను చెప్పబోయి తానే సంఘర్షణకు కేంద్రమైన సందర్భాలు ఉన్నాయి. 11వ తరగతి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో శంకర్ 1949లో గీసిన కార్టూన్ ఉండేది. రాజ్యాంగ రచన నత్తనడక నడుస్తోందని, నత్త మీద అంబేడ్కర్, వెనక కొరడాతో నెహ్రూ ఉన్నట్టు అందులో గీశారు. 2012 మేలో పార్లమెంటులో తీవ్ర అభ్యంతరం వచ్చింది. కార్టూన్‌ను ఉపసంహరిస్తామని ప్రభుత్వం ప్రకటించింది. ముఖ్య సలహాదార్లు యోగేంద్ర యాదవ్, సుహాస్ పల్షీకర్ రాజీనామా చేశారు. విమర్శనాత్మకంగా బొమ్మను చదవడం నేర్పాలన్నది పుస్తకకర్తల ఉద్దేశం. తమ నాయకుడిని కొరడా కింద చూడలేమన్నది దళిత సంఘాల వేదన. ఒకే బొమ్మను ఎవరు ఎక్కడ నిలబడి చూస్తున్నారన్నదే ఇక్కడ తేల్చవలసిన విషయం అయింది.

2019లో ఎన్‌సీఈఆర్‌టీ తొమ్మిదో తరగతి చరిత్ర నుంచి మూడు అధ్యాయాలు పోయాయి. వాటిలో దుస్తుల సామాజిక చరిత్ర ఒకటి. తిరువాన్కూరులో నాడార్ స్త్రీలు రవిక హక్కు కోసం చేసిన పోరాటం అందులోదే. కరోనా తర్వాత చదువు బరువు తగ్గించడం పేరిట 2022, 2023ల్లో జరిగిన హేతుబద్ధీకరణలో 2002 గుజరాత్ అల్లర్ల ప్రస్తావనలు, నక్సలైట్ ఉద్యమం పేజీలు తీసేశారు. పదో తరగతి రాజనీతిశాస్త్రంలో ‘ప్రజాస్వామ్యం–వైవిధ్యం’, ‘ప్రజా పోరాటాలు–ఉద్యమాలు’, ‘ప్రజాస్వామ్యానికి సవాళ్లు’ తప్పించారు. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో పిడికిలి ఎత్తిన టామీ స్మిత్, జాన్ కార్లోస్ కథ, బొలీవియా నీటి పోరాటం వాటితో పాటే పోయాయి. ఇక తమ పేర్లు పుస్తకాల మీద ఉండనక్కరలేదని యాదవ్, పల్షీకర్ 2023లో కోరారు. లింగం, మతం, కులం గురించిన పాఠం మాత్రం మిగిలింది.

తరగతి గది, పరీక్ష

పుస్తకంలో ఉన్నదంతా పిల్లవాడికి చేరదు. 2011 తర్వాతి రాష్ట్ర పుస్తకాల్లో విద్యా ప్రమాణాల కింద విషయావగాహనతో పాటు సమాచార సేకరణ, సమకాలీన అంశాలపై ప్రతిస్పందన, ప్రశ్నించడం, సున్నితత్వం కూడా పెట్టారు. పాఠం మధ్యలో చర్చ పెట్టెలు, చివర ప్రాజెక్టు పనులు ఉండేవి. ఊళ్లో భూమి ఎవరి చేతుల్లో ఉందో, కూలి రేటు ఆడవాళ్లకు, మగవాళ్లకు ఎంత తేడానో కనుక్కుని రమ్మనే అభ్యాసాలు అవి.

ఆచరణలో పబ్లిక్ పరీక్ష, గైడు, బిట్ బ్యాంకు వాటిని మింగేశాయి. మహాద్ చెరువు సత్యాగ్రహం ఏ సంవత్సరం అంటే 1927 అన్న జవాబు అందరికీ వస్తుంది. ఆ చెరువు నీళ్లు తాగినందుకు జనం దెబ్బలు ఎందుకు తిన్నారన్న ప్రశ్న సిలబస్‌లో ఉన్నా పరీక్షలో రాదు. సోషల్ మాస్టారికి ఇంకో చిక్కు ఉంది. ఆయనా ఏదో ఒక కులంవాడే, ఏదో ఒక వీధిలో ఉంటాడు, సాయంత్రం అదే ఊళ్లో టీ తాగాలి. తగాదా గురించి మాట్లాడితే ఎవరో ఒకరి వైపు మాట్లాడాడన్న పేరు వస్తుంది. పుస్తకం ఆ మాట అని ఉంటే, ‘పాఠంలో ఉంది’ అన్న రక్షణ ఆయనకు దొరుకుతుంది. పుస్తకం మౌనంగా ఉన్నచోట ఉపాధ్యాయుడూ మౌనంగా ఉండడానికి కారణం చాలాసార్లు భావజాలం కాదు, ఆ రక్షణ లేకపోవడం.

ఇతర దేశాల అనుభవం

జపాన్‌లో చరిత్రకారుడు ఇయెనాగా సబురో యుద్ధకాలపు దారుణాలను పాఠ్యపుస్తకంలో రాసినందుకు ప్రభుత్వం మార్పులు అడిగింది. ఆయన 1965 నుంచి 1997 దాకా న్యాయస్థానాల్లో పోరాడి కొంతమేర గెలిచాడు. తరాలుగా యుద్ధాలు చేసుకున్న ఫ్రాన్స్, జర్మనీలు 2006లో ఉమ్మడి చరిత్ర పుస్తకం తెచ్చాయి. పాఠ్యపుస్తకాలను పోల్చి పరిశీలించడానికే జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్‌లో గేయార్గ్ ఎకెర్ట్ సంస్థ ఉంది.

తెగని తగాదాకు దగ్గరగా వచ్చిన ప్రయోగం ఇజ్రాయెల్, పాలస్తీనా ఉపాధ్యాయులది. డాన్ బార్-ఆన్, సమీ అద్వాన్ 2000ల మొదట్లో నడిపిన ఈ పనిలో ప్రతి పుటను మూడు నిలువు భాగాలు చేశారు. ఒక పక్క ఇజ్రాయెలీ కథనం, మరో పక్క పాలస్తీనా కథనం, మధ్యలో విద్యార్థి తన మాట రాసుకోవడానికి ఖాళీ. రెండు ప్రభుత్వాలూ దాన్ని అధికారిక పుస్తకంగా తీసుకోలేదు. అయినా రెండు కథనాలను కలిపి ఒక్కటి చేయకుండా పక్కపక్కన పెట్టవచ్చని అది రుజువు చేసింది.

ప్రత్యామ్నాయాలు, ప్రస్తుత స్థితి

తెలుగులో పాఠ్యపుస్తకాల బయట కొన్ని ప్రయత్నాలు జరిగాయి. హైదరాబాద్‌లోని అన్వేషి సంస్థ 2008లో తెచ్చిన ‘డిఫరెంట్ టేల్స్’ పిల్లల కథల శ్రేణిలో గోగు శ్యామల, మహమ్మద్ ఖదీర్‌బాబు వంటి రచయితలు వాడ, బస్తీ ఇళ్ల పిల్లలను కథానాయకులను చేశారు. కంచ ఐలయ్య 2007లో పిల్లల కోసం రాసిన శ్రమ గౌరవం పుస్తకం కుమ్మరి, చాకలి, మాదిగ, రైతు పనుల్లోని జ్ఞానాన్ని వివరించింది. ఇవి గ్రంథాలయాలకు చేరాయి కానీ సిలబస్‌లోకి రాలేదు.

జాతీయ స్థాయి పుస్తకాన్ని రాష్ట్రాలు తీసుకుంటున్నకొద్దీ స్థానిక సంఘటనలకు అచ్చులో చోటు ఇంకా తగ్గుతుంది. అప్పుడు మిగిలే దారి ప్రాజెక్టు పని, జిల్లా స్థాయి అనుబంధ వాచకం. పాశర్లపూడి మంట, పంట విరామం, జిల్లా పేరు, బొజ్జా తారకం జీవితం వంటివి కోనసీమ పిల్లలకు అనుబంధ వాచకంలో చేర్చగలిగినవే. అలాంటి పాఠం ఎవరి తరఫున తీర్పు చెప్పనక్కరలేదు. ఎవరు ఏం అడిగారు, ఎవరు ఎందుకు కాదన్నారు, చట్టం ఏం చెప్పింది, నష్టపోయింది ఎవరు అన్న నాలుగు సంగతులు కర్తతో సహా చెబితే చాలు. నెల్లూరు రాత్రి బడుల్లో పలకా బలపంతో జరిగిన పని అదే. అక్కడి వాచకం తీర్పు ఇవ్వలేదు, చదివినవాళ్లకు తమ ఊరి గురించి మాట్లాడుకునే వీలిచ్చింది. వయోజనులకు 1991లో ఇవ్వగలిగిన ఆ వీలును పదో తరగతి పిల్లలకు ఇవ్వాలా వద్దా అన్నదే ఈ రంగంలో ఇప్పటికీ తేలని ప్రశ్న.